తాంగ్ వైభవం – 7: హద్దెరిగిన పట్టపురాణి

626వ సంవత్సరం జూలై 2న ఛాంగాన్ రాజప్రాసాదం ఉత్తర దిక్కున ఉన్న షువాన్‌వూ ద్వారం దగ్గర జరిగిన రక్తపాతం గత భాగంలో చూశాం. లీ షిమిన్ తన అన్న, యువరాజు జియాన్‌చెంగ్‌ను స్వయంగా బాణంతో కూల్చాడు. తమ్ముడు యువాన్‌జీని షిమిన్ సేనాని చంపాడు. మూడు రోజులకే షిమిన్ యువరాజయ్యాడు. రెండు నెలలకు తండ్రి గావ్‌జు గద్దె దిగాడు, కొడుకు తైజోంగ్ చక్రవర్తిగా సింహాసనం ఎక్కాడు.

ఆ ఉదయం గురించి చెబుతూ ఒక మనిషిని దాటేశాను, ఆమెకు ఒక భాగం మొత్తం కేటాయించాలనే. షిమిన్ తన అనుచరులకు కవచాలు, ఆయుధాలు పంచిపెడుతుండగా ఆయన భార్య వాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. ఒక్కొక్కరినీ పలకరించి ధైర్యం చెప్పింది. ఓడిపోతే భర్తతో పాటు తనకూ, పిల్లలకూ చావు తప్పదని ఆమెకు తెలుసు. ఆమె పెద్దకొడుక్కి అప్పటికి ఏడేళ్లు. వెళ్లేవాళ్లు ఎవరిని చంపడానికి వెళుతున్నారో కూడా ఆమెకు తెలుసు. ఆమె జాంగ్‌సున్ వంశపు ఆడపడుచు. తర్వాత పదేళ్లు చైనాకు పట్టపురాణి.

చైనా చరిత్రకారులు ఆమెను ఆదర్శ రాణి అని వెయ్యేళ్లుగా పొగుడుతూ వచ్చారు. ఆ పొగడ్తలో ఆమె వినయం, పొదుపు మాత్రమే పైకి కనిపిస్తాయి. నాకు మాత్రం ఆమెలో కనిపించేది అధికారం ఏం చేయగలదో అతి దగ్గర నుంచి చూసి, అది తన గడప దాటి లోపలికి రాకుండా పదేళ్లు కాపలా కాసిన మనిషి.

గెంటేసిన ఇల్లు, చేరదీసిన మేనమామ

ఆమె 601లో పుట్టింది. తండ్రి జాంగ్‌సున్ షెంగ్ సుయి వంశపు రాజుల కొలువులో పేరున్న సేనాని. ఉత్తరాన గడ్డి మైదానాలను ఏలే తురుష్కుల భాష, బలం, బలహీనత తెలిసిన రాయబారి. ఒకే బాణంతో రెండు గద్దలను కొట్టాడని ఆయన గురించి ఒక కథ ఉంది. ఇప్పటికీ చైనా భాషలో ఒక పనితో రెండు ఫలితాలు సాధిస్తే ‘ఒక బాణం, రెండు గద్దలు’ అంటారు. ఆ నానుడి ఆయనతోనే మొదలైంది.

609లో ఆయన పోయాడు. అమ్మాయికి ఎనిమిదేళ్లు. పెద్ద భార్య బిడ్డల్లో ఒకడైన ఆన్యే తాగుబోతు. తండ్రి పోగానే సవతి తల్లినీ, ఆమె ఇద్దరు పిల్లలనూ ఇంట్లోంచి గెంటేశాడు. అన్న వూజీ, ఈ అమ్మాయి, వాళ్ల తల్లి కట్టుబట్టలతో మేనమామ గావ్ షిలియన్ ఇల్లు చేరారు.

ఆ మేనమామ గొప్పతనం చెప్పుకోదగ్గది. పిల్లలిద్దరినీ సొంత బిడ్డల్లా పెంచాడు, చదివించాడు. తర్వాత సుయి ప్రభుత్వం ఆయనను దక్షిణాన, ఇప్పటి వియత్నాం ఉన్న చోటికి బహిష్కరించింది. వెళ్లేముందు తన పెద్ద ఇల్లు అమ్మి, ఒక చిన్న ఇల్లు కొని అందులో చెల్లెల్ని ఉంచాడు. మిగిలిన డబ్బు పంచేసి, తేలికపాటి మూటతో దేశం విడిచాడు. మేనకోడలి పెళ్లి కుదిర్చింది కూడా ఆయనే. లీ యువాన్ అనే దొర రెండో కొడుకు షిమిన్‌ను చూసి, ఈ కుర్రవాడు మామూలువాడు కాదని గుర్తించాడు. 613లో పెళ్లి జరిగింది. ఆమెకు పన్నెండేళ్లు, అతను రెండు మూడేళ్లు పెద్ద.

పుట్టింటి గడప ఒక్క రోజులో మూసుకుపోవడం చూసిన పిల్ల, ఆస్తి, హోదా, బంధుత్వం ఎంత నిలకడ లేనివో ఏ పుస్తకమూ చదవకుండానే నేర్చుకుంది. పెద్దయ్యాక ఆమె తీసుకున్న ప్రతి నిర్ణయం వెనుకా ఆ ఎనిమిదేళ్ల పిల్ల కనిపిస్తుంది.

మామగారి అంతఃపురంలో

617లో మామగారు లీ యువాన్ తైయువాన్‌లో తిరుగుబాటు జెండా ఎత్తాడు. మరుసటి ఏడాది తాంగ్ వంశాన్ని స్థాపించి గావ్‌జు చక్రవర్తి అయ్యాడు. షిమిన్‌కు చిన్ రాజు అనే బిరుదు వచ్చింది. యుద్ధాలన్నీ గెలిచి రాజ్యాన్ని నిలబెట్టింది అతనే. యువరాజు మాత్రం అన్న జియాన్‌చెంగ్. పోరు అక్కడే మొదలైంది.

ఈ పోరు రణరంగంలో కంటే అంతఃపురంలో ఎక్కువ నడిచింది. గావ్‌జుకు కొత్త భార్యలు చాలామంది. వాళ్లకు భూములు కావాలి, తమవాళ్లకు పదవులు కావాలి. యుద్ధంలో చిక్కిన సొత్తును, భూములను షిమిన్ వాళ్లకు ఇవ్వకుండా సైనికులకు పంచాడు. జియాన్‌చెంగ్, యువాన్‌జీ వాళ్లను కానుకలతో మంచి చేసుకున్నారు. రాత్రి రాజు చెవిలో షిమిన్ మీద చాడీలు పడేవి, తెల్లవారేసరికి తండ్రి ముఖం మారిపోయేది.

ఆ గండిని పూడ్చే పని కోడలి మీద పడింది. షిమిన్ తల్లి అప్పటికే లేదు. ఈమె మామగారికి సేవ చేస్తూ, తన ఈడువాళ్లయిన ఆయన భార్యల దగ్గర ఒదిగి ఉంటూ, భర్త మీద పెరిగిన కోపాన్ని ఏళ్ల తరబడి చల్లారుస్తూ వచ్చింది. చివరికి అదీ చాలలేదు. షువాన్‌వూ ద్వారం ఆ ఓటమికి గుర్తు. భార్యల బంధువులు, వాళ్ల చాడీలు, కానుకలు ఒక రాజకుటుంబాన్ని ఎలా చీలుస్తాయో ఆమె ఎనిమిదేళ్లు దగ్గరుండి చూసింది.

రాణివాసంలో రోజులు

626లోనే ఆమె పట్టపురాణి అయ్యింది. ఆమె చేతికి వచ్చిన ఇల్లు ఎలాంటిదో చూద్దాం.

ఛాంగాన్ అప్పటి ప్రపంచంలోని అతిపెద్ద నగరాల్లో ఒకటి. తూర్పు పడమరలుగా దాదాపు పది కిలోమీటర్లు, గళ్ల బట్టలా తీర్చిన వీధులు, చుట్టూ గోడలున్న వందకు పైగా పేటలు. పొద్దు వాలగానే ఢంకాలు మోగేవి, పేటల తలుపులు మూసేవాళ్లు. ఆ తర్వాత పెద్ద వీధుల్లో తిరిగితే శిక్ష. నగరానికి ఉత్తరాన రాజప్రాసాదం. అందులో పట్టపురాణి కింద నలుగురు ప్రధాన భార్యలు, తొమ్మిదిమంది తర్వాతి శ్రేణివాళ్లు, ఇలా అంచెలంచెలుగా నూట ఇరవైమందికి పైగా ఉండే అమరిక. వాళ్లకు తోడు వంట, కుట్టుపని, మందులు, దీపాలు, లెక్కలు చూసే వేలాది దాసీలు. తైజోంగ్ రాజైన వెంటనే వాళ్లలో మూడు వేల మందికి పైగా స్త్రీలను విడుదల చేసి ఇళ్లకు పంపాడు.

627 వసంతంలో రాణి పట్టుపురుగుల పూజ జరిపింది. రాజు నాగలి పట్టి తొలి చాలు దున్నినట్టే, రాణి మల్బరీ ఆకులు కోసి పురుగులకు మేత వేయాలి. దేశంలో మగవాడు దున్నాలి, ఆడది నేయాలి అని చెప్పే కర్మకాండ అది. ఆ ఏడాది దానికి ఎంతో అర్థం ఉంది. తైజోంగ్ గద్దెనెక్కి నెల తిరగకముందే తురుష్కుల ఖాన్ సైన్యంతో రాజధాని పక్కనున్న వెయ్ నది దాకా వచ్చాడు. ఆ తర్వాత మూడేళ్లు వరసగా కరువు, మిడతలు, వరదలు. ఒక చాపు పట్టుబట్ట ఇస్తే ఆరు లీటర్ల కొలతకు మించి ధాన్యం రాని రోజులు.

అలాంటి రోజుల్లో రాణి తన వాడకానికి సరిపడినంత మాత్రమే తీసుకునేది. ఒకసారి యువరాజు దాది వచ్చి, యువరాజు ఇంట్లో సామాన్లు తక్కువగా ఉన్నాయి, పెంచమని అడిగింది. యువరాజుకు లేకపోతే చింతించాల్సినవి మంచి నడత, మంచి పేరు. సామాన్ల గురించి ఎందుకని రాణి ఒప్పుకోలేదు. తన కడుపున పుట్టని బిడ్డల విషయంలో ఆమె చేయి వేరు. తల్లి చనిపోయిన యుజాంగ్ అనే చిన్న యువరాణిని తెచ్చుకుని, తన పిల్లలకంటే ఎక్కువగా పెంచింది. ఉంపుడుగత్తెలకు జబ్బు చేస్తే తన మందులు, తన భోజనం వాళ్లకు పంపేది.

దాసీల మీద రాజు కోపగించుకున్నప్పుడు ఆమె నడిపిన తీరు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఎదురు చెప్పేది కాదు. తనకూ కోపం వచ్చినట్టే నటించి, ‘వీళ్ల సంగతి నేను విచారిస్తాను’ అని ఒక గదిలో ఉంచేది. రాజు కోపం దిగాక, నెమ్మదిగా నిజం విప్పి చెప్పి విడిపించేది. ఆమె కాలంలో అంతఃపురంలో అన్యాయంగా శిక్ష పడ్డవాళ్లు లేరని చరిత్రలు రాశాయి.

అన్నకు పదవి వద్దు

ఆమె అన్న వూజీ రాజుకు బావమరిది మాత్రమే కాదు, చిన్ననాటి స్నేహితుడు, షువాన్‌వూ ద్వారం పథకంలో ముఖ్యుడు. అలాంటివాడికి ప్రధానమంత్రి స్థాయి పదవి ఇవ్వాలనుకున్నాడు తైజోంగ్. రాణి అడ్డుపడింది. హాన్ వంశపు కాలంలో లూ రాణి బంధువులు, ఆ తర్వాత హువో వారు, షాంగ్‌గువాన్ వారు పదవులు నింపుకుని, చివరికి కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయిన సంగతి గుర్తుచేసింది. రాజు వినలేదు. అర్హత చూసి ఇస్తున్నాను, చుట్టరికం చూసి కాదన్నాడు. 627లో పదవి ఇచ్చాడు. ఆమె అన్నకు రహస్యంగా కబురు పంపి, రాజీనామా చేయమని పట్టుబట్టింది. ఏడాది తిరగకముందే వూజీ ఆ పదవి వదిలి, గౌరవ బిరుదుతో సరిపెట్టుకున్నాడు. అప్పుడు ఆమె మనసు కుదుటపడింది.

తనను గెంటేసిన ఆన్యే విషయంలో ఏం చేసిందో చూడండి. పాత పగ పెట్టుకోకుండా అతనికి మంచి కొలువు ఇప్పించింది. అతను మాత్రం 627లో ఒక తిరుగుబాటు కుట్రలో దొరికిపోయాడు. మరణశిక్ష ఖాయం. రాణి కన్నీళ్లతో రాజు ముందుకు వచ్చింది. అతని నేరానికి చావే తగిన శిక్ష అని ఒప్పుకుంది. అయితే అతను చిన్నప్పుడు తనకు చేసిన ద్రోహం లోకానికంతా తెలుసు, ఇప్పుడు చంపితే రాణి పగ తీర్చుకుందంటారు, ఆ మచ్చ రాజుకు అంటుతుందని చెప్పింది. ఆన్యే ప్రాణం దక్కింది. నైరుతి సరిహద్దుకు బహిష్కరించారు.

రాజు రాజ్య విషయాలు అడిగితే ఆమె చాలాసార్లు జవాబు చెప్పేది కాదు. కోడిపెట్ట కూస్తే ఇంటికి చేటు అన్న పాత చైనా సామెత చూపి తప్పించుకునేది. ఈ సామెత ఈనాటి ఆడపిల్లలకు నచ్చదు, నచ్చకూడదు కూడా. ఆమె నోరు మూసుకుని కూర్చున్నదా అంటే, కాదు. మనిషి ప్రాణం మీదికి వచ్చిన ప్రతిసారీ మాట్లాడింది.

రాజుకు ప్రాణప్రదమైన గుర్రం ఒకటి రోగం లేకుండానే చచ్చిపోయింది. గుర్రాన్ని చూసుకునేవాణ్ణి చంపమని ఆయన ఆజ్ఞాపించాడు. అప్పుడు రాణి చీ దేశపు దొర జింగ్ కథ చెప్పింది. ఆ దొర కూడా ఇలాగే గుర్రపు కాపరిని చంపబోతే, మంత్రి యాన్‌జీ అతని నేరాలు పైకి లెక్కపెట్టాడట: గుర్రాన్ని చావనిచ్చావు, ఇది మొదటిది, గుర్రం కోసం మనిషిని చంపే పరిస్థితి దొరకు తెచ్చావు, ఇది రెండోది, ఈ సంగతి విని ఇరుగు పొరుగు రాజ్యాలు దొరను చులకన చేస్తాయి, ఇది మూడోది. కథ పూర్తయ్యేసరికి తైజోంగ్ కోపం దిగింది. కాపరి బతికాడు.

మేనరికం సారె, మంత్రి మాట

రాణి పెద్ద కూతురు ఛాంగ్‌లె యువరాణిని వూజీ కొడుక్కి ఇచ్చి పెళ్లి చేయాలని నిశ్చయించారు. మన లెక్కలో అచ్చమైన మేనరికం. తైజోంగ్‌కు ఆ బిడ్డంటే ప్రాణం. తన తోబుట్టువైన ఒక యువరాణి పెళ్లికి ఇచ్చిన సారెకు రెట్టింపు ఇవ్వమన్నాడు. మంత్రి వెయ్ జెంగ్ లేచి, తండ్రి కూతురికి ఇచ్చినదానికంటే మీ కూతురికి ఎక్కువ ఇవ్వడం మర్యాద తప్పడమే అన్నాడు.

ఈ వెయ్ జెంగ్ ఒకప్పుడు చనిపోయిన జియాన్‌చెంగ్ కొలువులో పనిచేసినవాడు. ముక్కుసూటి మనిషి. ఆయన మాటను రాజు ఇంటికి వచ్చి చెబితే, కన్నతల్లికి కోపం రావాలి. రాణి మాత్రం సంతోషించింది. భార్యనైన తానే రాజు ముఖం చూసి మాట్లాడుతుంటే, బయటివాడు ఇంత ధైర్యంగా చెప్పాడంటే అతను నిజంగా రాజ్యం మేలు కోరేవాడని మెచ్చుకుంది. ఆయన ఇంటికి డబ్బు, వందల చాపుల పట్టు పంపింది. ఇకముందు కూడా ఇలాగే ఉండమని కబురు చేసింది.

ఇంకోరోజు తైజోంగ్ సభ ముగించి మండిపడుతూ లోపలికి వచ్చాడు. ఆ పల్లెటూరి ముసలాణ్ణి ఏదో ఒక రోజు చంపేస్తానన్నాడు. ఎవరినని రాణి అడిగింది. వెయ్ జెంగ్‌ను, సభలో నన్ను అవమానిస్తూనే ఉన్నాడన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లి, పెద్ద ఉత్సవాలకు మాత్రమే కట్టే రాజవస్త్రాలు ధరించి, వచ్చి ముంగిట్లో నిలబడింది. రాజు ఉలిక్కిపడ్డాడు. రాజు వివేకవంతుడైతేనే మంత్రి నిజం చెప్పగలడు, వెయ్ జెంగ్ ఉన్నాడంటే మీరు వివేకవంతులు, అందుకే అభినందించడానికి వచ్చానన్నది. కోపం నవ్వుగా మారింది. తైజోంగ్ పాలనను చైనావాళ్లు స్వర్ణయుగం అంటారు. ఆ యుగానికి పునాది రాజు నిజం వినగలగడం. అది కూలిపోబోయిన క్షణంలో ఒక చీర మార్చుకుని వచ్చినంత తేలికగా నిలబెట్టింది ఆమె.

చివరి కోరికలు

ఆమెకు చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తుల జబ్బు, ఉబ్బసం లాంటిది. అయినా రాజుకు జబ్బు చేసినప్పుడు పగలూ రాత్రీ మంచం పక్కనే ఉండేది. రాజుకు ఏమైనా అయితే తానూ బతకనని నడుముకు విషం కట్టుకుని తిరిగింది.

634లో వాళ్లు కొండల్లోని జియుచెంగ్ విడిదిలో ఉండగా, ఒక రాత్రి సైన్యాధికారులు అత్యవసర వార్తతో వచ్చారు. తైజోంగ్ కవచం తొడుక్కుని బయటికి వెళ్లాడు. రాణి జబ్బుతోనే ఆయన వెనకాల నడిచింది. పరిచారికలు ఆపితే, రాజే ఆందోళనలో ఉంటే నాకు నిద్ర ఎలా పడుతుందంది. ఆ రాత్రి తర్వాత ఆమె కోలుకోలేదు.

మందులు పని చేయకపోయేసరికి పెద్దకొడుకు చెంగ్‌చియాన్ ఒక ఉపాయం చెప్పాడు: ఖైదీలను విడిపిద్దాం, సన్యాసులకు దీక్షలు ఇప్పిద్దాం, ఆ పుణ్యంతో నయమవుతుంది. ఆమె ఒప్పుకోలేదు. చావు బతుకులు మనుషుల చేతిలో లేవు, క్షమాభిక్ష దేశం మొత్తానికి సంబంధించిన పని, ఒక ఆడదాని కోసం చట్టాన్ని కదిలించకూడదని చెప్పింది.

636 జూలై నెలాఖరులో ఆమె లీజెంగ్ మందిరంలో కన్నుమూసింది. ముప్పై అయిదేళ్లు. చివరి మాటల్లో ఆమె అడిగినవి కొన్నే. చిన్న తప్పుకు ఇంటికి పంపేసిన మంత్రి ఫాంగ్ షువాన్‌లింగ్‌ను వెనక్కి పిలవాలి. తన పుట్టింటివాళ్లను అధికార పదవుల్లో పెట్టకూడదు. తన సమాధికి ఎత్తైన దిబ్బ వద్దు, కొండలోనే పెట్టి, మట్టి, కర్ర వస్తువులు ఉంచితే చాలు.

ఆ కొండ పేరు జియుజోంగ్. అక్కడ మొదలైన జావ్‌లింగ్ సమాధిలోకే 649లో తైజోంగ్ కూడా చేరాడు. ఆ సమాధి దగ్గర ఆయన యుద్ధగుర్రాల ఆరింటిని రాతి పలకల మీద చెక్కించారు. నాలుగు ఇప్పుడు షియాన్ (అప్పటి ఛాంగాన్) నగరంలో, రెండు అమెరికాలో ఫిలడెల్ఫియాలోని ఒక మ్యూజియంలో ఉన్నాయి. ఆ గుర్రాలను చూసేవాళ్లకు, గుర్రం కోసం మనిషిని చంపవద్దన్న రాణి అదే కొండలో నిద్రిస్తున్నదని కూడా తెలియాలి.

పాతకాలపు స్త్రీల మంచి చెడ్డలు ఎంచి ఆమె ఒక పుస్తకం కూర్చింది. బతికుండగా రాజుకు చూపలేదు. చనిపోయాక పరిచారికలు తెచ్చి ఇస్తే ఆయన చదివి ఏడ్చాడు. ఇంట్లో తనను దిద్దే మనిషి ఇక లేదన్నాడు. ఆ పుస్తకం ఈనాటికి మిగలలేదు. ప్రాసాదంలో ఒక ఎత్తైన మంచె కట్టించి, అక్కడి నుంచి ఆమె సమాధి వైపు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు వెయ్ జెంగ్‌ను పైకి తీసుకెళ్లాడు. నా కళ్లు మసకబారాయి, ఏమీ కనిపించడం లేదన్నాడు ఆయన. రాజు వేలు పెట్టి చూపాడు. మీరు తండ్రిగారి సమాధి చూస్తున్నారనుకున్నాను, రాణిగారిదైతే నాకూ కనిపిస్తోందన్నాడు వెయ్ జెంగ్. తైజోంగ్ కన్నీళ్లు పెట్టుకుని మంచె పడగొట్టించాడు. ఆ తర్వాత పదమూడేళ్లు బతికినా మరొకరిని పట్టపురాణిగా చేయలేదు.

ఆమె లేని ఇల్లు

ఆమె భయపడినవన్నీ ఆమె పోయాకే జరిగాయి. ఆమె కొడుకులు చెంగ్‌చియాన్, లీ తాయ్ సింహాసనం కోసం ఒకరి మీద ఒకరు కుట్రలు పన్ని 643లో ఇద్దరూ చెడ్డారు. యువరాజు పదవి మూడో కొడుకు లీ జికి దక్కింది. అతన్ని నిలబెట్టింది మేనమామ వూజీ. చెల్లెలు వద్దన్న అధికారమంతా అతని చేతికి వచ్చింది. 659లో బహిష్కారానికి గురై, బలవంతంగా ప్రాణం తీసుకోవాల్సి వచ్చింది.

ఆ లీ జి, యువరాజుగా ఉండగా 648లో, తల్లి జ్ఞాపకంగా ఛాంగాన్‌లో ఒక బౌద్ధ విహారం కట్టించాడు. తల్లి దయ అనే అర్థం వచ్చేలా దానికి సియెన్ అని పేరు పెట్టాడు. 1,897 గదులు. అందులో కూర్చుని మన దేశం నుంచి తెచ్చిన గ్రంథాలను చైనా భాషలోకి అనువదించినవాడు హ్యుయాన్‌త్సాంగ్. రాణి కన్నుమూసే నాటికి ఆయన మన దేశంలోనే ఉన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు వేంగి మీదుగా కృష్ణాతీరంలోని ధాన్యకటకానికి వచ్చి, అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. మన అమరావతి పక్క నేల మీద ఆయన నేర్చిన చదువు, ఒక చైనా రాణి పేరున కొడుకు కట్టించిన ఇంటికి చేరింది. 652లో అక్కడ లేచిన గోపురం, తర్వాత మళ్లీ కట్టిన రూపంలో, ఇప్పటికీ షియాన్‌లో నిలబడి ఉంది.

రాణి పోయిన మరుసటి ఏడాది, 637లో, తైజోంగ్ అంతఃపురంలోకి పద్నాలుగేళ్ల కొత్త అమ్మాయి ఒకతె వచ్చింది. అయిదో శ్రేణి ఉంపుడుగత్తెగా చేరింది. పద్దెనిమిదేళ్ల తర్వాత, అప్పటికి చక్రవర్తి అయిన లీ జికి పట్టపురాణి అయ్యింది. వూజీ చావుకు కారణమైంది. 690లో తానే చక్రవర్తిగా సింహాసనం ఎక్కింది. చైనా చరిత్ర మొత్తంలో అలా తన పేరున ఏలిన స్త్రీ ఆమె ఒక్కతే. వచ్చే భాగం ఆమెది: వూ జెతియాన్.